భవనాలకు ప్రణాళిక ఉంది.. చదువుకేదీ?

* కాగితాలకే పరిమితమవుతున్న పాఠశాల అభివృద్ధి ప్రణాళిక
* చివరి వంద రోజులపైనే అందరి దృష్టి
* తల్లిదండ్రుల కమిటీలకు తెలియని పిల్లల పఠన స్థాయి

పార్వతీపురం: 2023లో 87.47 శాతం, 2024లో 96.37 శాతం, 2025లో 93.90 శాతం. పదో తరగతి ఉత్తీర్ణతలో పార్వతీపురం మన్యం జిల్లా వరుసగా మూడేళ్లు రాష్ట్రంలో ప్రథమ స్థానం దక్కించుకొంది. 2022 ఏప్రిల్ 4న ఆవిర్భవించిన ఈ పదిహేను మండలాల చిన్న జిల్లా, కొండలూ గిరిజన గూడేలూ విస్తరించిన ప్రాంతమై ఉండి కూడా, విద్యలో ఎప్పటి నుంచో పేరున్న కోస్తా జిల్లాలను వెనక్కి నెట్టడం సామాన్య విషయం కాదు. అదే రోజున, అదే తూర్పు కనుమల ఒడిలో పుట్టిన అల్లూరి సీతారామరాజు జిల్లా 2025లో 47.64 శాతంతో చిట్టచివరన మిగిలిపోయింది. అవే కొండలు, అవే ఆశ్రమ పాఠశాలలు, అవే పాఠ్యపుస్తకాలు ఉన్న రెండు జిల్లాల నడుమ నలభై ఆరు శాతానికి పైగా అంతరం! దీనికి కారణాలు ఒక్క మాటలో తేలేవి కావు. అయితే బడిని నడిపేవారి పట్టుదల, ముందుచూపు ఫలితాన్ని ఎంతగా మార్చగలవో ఈ అంకెలు చూచాయగానైనా చెబుతున్నాయి.

ఈ విజయం వెనుక మరో ప్రశ్న దాగి ఉంది. పదో తరగతి పరీక్ష రాసే విద్యార్థి అంతకు ముందు తొమ్మిదేళ్లు బడిలోనే గడిపాడు. ఆ తొమ్మిదేళ్లలో అతడు ఏ ఏడు ఏమి నేర్వాలో, నేర్వకపోతే ఎవరు ఏమి చేయాలో ఆ బడి ముందుగా అనుకొన్నదా? అనుకొని ఎక్కడైనా రాసి పెట్టిందా? రాసిన దానిని ఎవరైనా మళ్లీ తెరిచి చూశారా? జిల్లాలోని ప్రాథమిక పాఠశాలల గడప తొక్కి ఈ మూడు ప్రశ్నలూ అడిగితే మొదటిదానికి తడబాటు, రెండోదానికి ఒక దస్త్రం, మూడోదానికి మౌనం ఎదురవుతాయి.

బడికి తెలిసినవి రెండే ప్రణాళికలు

మన ప్రభుత్వ పాఠశాలలకు బాగా తెలిసిన ప్రణాళికలు రెండే రెండు. ఒకటి భవనాల ప్రణాళిక. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన 'మన బడి నాడు-నేడు' తొలి విడతలో 15,715 పాఠశాలలను బాగు చేయడానికి పూనుకొన్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, విద్యుత్తు, బల్లలు, పచ్చరంగు బోర్డులు, ప్రహరీ గోడ ఇలా పనుల జాబితా ముందే ఖరారైంది. ఆ పనులను తల్లిదండ్రుల కమిటీల చేతుల మీదుగానే చేయించారు. కూలి పనికి వెళ్లే తల్లులు సైతం సిమెంటు బస్తాలు లెక్కపెట్టారు, ఇసుక ట్రాక్టర్లను ఆపి కొలత చూశారు, చెక్కులపై సంతకాలు చేశారు. పనుల నాణ్యతపైనా, మధ్యలో నిలిచిన గదులపైనా ఆరోపణలు లేకపోలేదు. అయినా ఒక సంగతి మాత్రం రుజువైంది. ఏమి అడగాలో తెలిస్తే పల్లెటూరి తల్లిదండ్రులు నిలదీసి అడగగలరు.

రెండోది పదో తరగతి వారి 'వంద రోజుల ప్రణాళిక'. చలి ముదిరే వేళకు ఇది మొదలవుతుంది. పిల్లలను మార్కులనుబట్టి వర్గాలుగా విడదీయడం, వెనుకబడినవారిని ఉపాధ్యాయులకు దత్తత ఇవ్వడం, ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు, రోజువారీ పరీక్షలు, చదివించే సమయంలో అల్పాహారం, రాత్రివేళ ఇళ్లకు వెళ్లి తలుపు తట్టడం.. ఇలా సాగుతుంది. దీని ఫలితం ఎవరూ కాదనలేనిది. కనీసం 35 మార్కులు రాకపోతే ఆ బిడ్డ బతుకుతెరువు మారిపోతుంది కనుక ఉపాధ్యాయులు పడే శ్రమను తేలిగ్గా తీసుకోనక్కర్లేదు.

అయితే ఈ వంద రోజుల ప్రణాళికలో ఉన్న లక్షణాలను గమనించాలి. ప్రతి పిల్లవాడి పేరూ ఉంటుంది. అతడు ఇప్పుడెక్కడున్నాడో ఉంటుంది. ఎక్కడికి చేరాలో ఉంటుంది. ఎవరు బాధ్యులో ఉంటుంది. వారం వారం సమీక్ష ఉంటుంది. అంటే మంచి ప్రణాళిక ఎలా ఉండాలో మన బడులకు తెలియదనడానికి వీల్లేదు. తెలుసు. తెలిసినదంతా పదో తరగతి చివరి మూడు నెలలకు దాచిపెట్టుకొంటున్నారు. మూడో తరగతిలో అక్షరాలు కూడబలుక్కొంటున్న పిల్ల కోసం ఇంతటి హడావుడి ఏ గ్రామంలోనూ జరగదు. ఆ పిల్ల పేరు ఏ జాబితాలోనూ ఎక్కదు.

చట్టం చెప్పింది.. సగం మాత్రమే

బడికో దీర్ఘకాలిక ప్రణాళిక ఉండాలన్నది కొత్త మాట కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ యాజమాన్య కమిటీ ఉండాలంది. సభ్యుల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే కావాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. 22వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీ 'పాఠశాల అభివృద్ధి ప్రణాళిక' తయారు చేయాలి. ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకు, వేసే ప్రణాళికలకు అదే పునాది కావాలి. కింది నుంచి పైకి రావలసిన ప్రణాళిక అన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 1998లోనే, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేక చట్టం చేసి విద్యా కమిటీలను ఏర్పరచిన చరిత్ర ఉంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. ప్రణాళికలో ఏమేమి ఉండాలో కేంద్రం 2010లో చేసిన నిబంధనలు వివరించాయి. అది మూడేళ్ల ప్రణాళిక, అందులో మూడు వార్షిక ఉప ప్రణాళికలు. తరగతుల వారీగా ఎంతమంది చేరతారో అంచనా, అదనంగా కావలసిన ఉపాధ్యాయుల సంఖ్య, కావలసిన గదులు, సామగ్రి, వీటన్నిటికీ అయ్యే ఖర్చు. అంతే! పిల్లలు ఏమి నేర్వాలి, ఇప్పుడు ఎంతవరకు నేర్చారు అన్న మాట ఆ పట్టికలో లేదు. అభ్యసనం గురించి చట్టం ఇతర చోట్ల మాట్లాడింది. 24వ సెక్షన్ ప్రతి బిడ్డ నేర్చుకొనే శక్తిని అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించవలసిన బాధ్యతను ఉపాధ్యాయుడిపై పెట్టింది. తరగతుల వారీ అభ్యసన ఫలితాలను 2017లో కేంద్ర నిబంధనల్లోకి తెచ్చారు. కానీ తల్లిదండ్రులు కూర్చుని సంతకం పెట్టే కాగితంలో మాత్రం గదులు, గోడలు, కుర్చీల లెక్కే మిగిలింది. గదులతో మొదలైన ప్రణాళిక గదులతోనే ముగియడంలో ఆశ్చర్యమేముంది?

ఆచరణలో ఆ సగం కూడా సక్రమంగా సాగడంలేదన్నది బహిరంగ రహస్యం. మండల విద్యాశాఖ కార్యాలయం నుంచి నమూనా పత్రం వస్తుంది. రేపటిలోగా పంపాలన్న సందేశం వాట్సాప్‌లో వస్తుంది. ప్రధానోపాధ్యాయుడో, క్లస్టర్ సీఆర్పీయో యూడైస్ అంకెలు తీసి ఒక సాయంత్రం కూర్చుని నింపేస్తారు. మర్నాడు కమిటీ ఛైర్మన్ పొలం నుంచి వచ్చి సంతకం పెడతారు, సభ్యురాలు వేలిముద్ర వేస్తారు, తీర్మానాల పుస్తకంలో 'చర్చించి ఆమోదించడమైనది' అన్న వాక్యం చేరుతుంది. నిరుటి ప్రణాళికకూ ఈ ఏటి ప్రణాళికకూ తేదీ తప్ప తేడా లేని చోట్లూ కనిపిస్తాయి. ప్రధానోపాధ్యాయులను మాత్రమే తప్పు పట్టడం భావ్యం కాదు. తాము పంపిన ప్రణాళిక ఆధారంగా పైనుంచి ఒక్క రూపాయి గాని, ఒక్క టీచరు గాని వచ్చినట్టు చూసి ఉంటే వారూ మనసు పెట్టేవారు.

మధ్యప్రదేశ్ నేర్పిన పాఠం

ప్రణాళిక రాయడం, చదువు బాగుపడడం ఒకటి కావని దేశంలోనే పెద్ద ఎత్తున రుజువైంది. మధ్యప్రదేశ్‌లో ప్రతి బడినీ పలు ప్రమాణాల మీద మదింపు చేసి, దాని ఆధారంగా ఆ బడికే ప్రత్యేకమైన మెరుగుదల ప్రణాళిక రాయించే కార్యక్రమం జరిగింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ 1,774 పాఠశాలల్లో దాని ఫలితాన్ని పరిశీలించారు. మదింపులు జరిగాయి, ప్రణాళికలు తయారయ్యాయి. కానీ బోధన తీరు మారలేదు, ఉపాధ్యాయుల హాజరు మారలేదు, పిల్లల చదువూ మారలేదు. పై అధికారులకు కావలసింది కాగితం గనుక కాగితం సకాలంలో అందింది! విచిత్రమేమంటే, ఫలితం శూన్యమని తేలిన ఇదే తరహా కార్యక్రమం ఆ తరువాత దేశంలో ఆరు లక్షలకు పైగా పాఠశాలలకు విస్తరించింది. 2015లో కేంద్రం ప్రారంభించిన 'శాలాసిద్ధి' స్వీయ మదింపు పత్రాలను ఏడు విభాగాల కింద నింపిన అనుభవం మన ఉపాధ్యాయులకూ ఉంది.

డబ్బు ఇస్తే సరిపోతుందనుకోవడానికీ వీల్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 తరువాత జరిగిన మరో అధ్యయనం ఆలోచింపజేసేది. కొన్ని గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు పుస్తకాలు, పలకలు, సామగ్రి కోసం అదనపు గ్రాంటు ఇచ్చారు. మొదటి ఏడు పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు గ్రాంటు వస్తుందని ముందే తెలియడంతో తల్లిదండ్రులు తమ ఇంటి ఖర్చు తగ్గించుకొన్నారు, మార్కుల్లో పెరుగుదల కనిపించలేదు. పేదవాడి ఇంట్లో అది తప్పూ కాదు. మిగిలిన డబ్బు మరో అవసరానికి పోతుంది. కానీ సామగ్రి కొనడమే లక్ష్యంగా వేసిన ప్రణాళిక చదువు దగ్గర ఎందుకు నీరుగారుతుందో దీనివల్ల బోధపడుతుంది.

జాతీయ స్థాయి పరిస్థితి చూద్దాం. 2024 అసర్ సర్వే ప్రకారం గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. ఐదో తరగతికి వచ్చినా 44.8 శాతమే. 2018తో పోలిస్తే మూడో తరగతిలో ఇది కాస్త మెరుగే. అయినా నలుగురిలో ముగ్గురికి చదవడం రాకుండానే పాఠ్యపుస్తకం ముందుకు వెళ్లిపోతోందన్న మాట. 2021 జులైలో ఆరంభమైన 'నిపుణ్ భారత్' 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డకూ చదవడం, రాయడం, లెక్కలు రావాలని గడువు పెట్టింది. ఆ గడువు గురించి ఏ గ్రామ కమిటీ సమావేశంలో చర్చ జరిగిందో వెతకవలసిందే.

నలభై మంది పిల్లల బడికి ప్రణాళిక అంటే..

ఒక మామూలు ఊరిబడిని ఊహించుకుందాం. ఐదు తరగతులు, నలభై మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు. సమగ్ర శిక్ష కింద ముప్ఫై మంది వరకు ఉన్న బడికి ఏటా రూ.10 వేలు, వంద మంది వరకు రూ.25 వేలు గ్రాంటు. అందులో కనీసం పది శాతం పారిశుద్ధ్యానికి పోవాలి. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, రిజిస్టర్లు, జాతీయ పండుగల ఖర్చు పోగా ఏమి మిగులుతుందో ఎవరికైనా తెలుసు. కనుక ఈ బడి డబ్బు మీద ఆధారపడి పెద్ద కలలు కనలేదు. దాని చేతిలో ఉన్న అసలైన ఆస్తి కాలం. చట్టం ప్రకారం ఐదో తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. ఈ ఎనిమిది వందల గంటలు ఎలా ఖర్చవుతున్నాయన్నదే అసలైన బడ్జెట్.

ఇటువంటి బడికి ప్రణాళిక రాయడానికి దార్శనిక పత్రాలు, రంగుల చార్టులు అక్కర్లేదు. జూన్‌లో బడి తెరిచిన రెండు వారాల్లో ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి ఒక చిన్న పేరా చదివించాలి. అప్పు తీసుకొనే తీసివేత ఒకటి చేయించాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు చాలు. నలభై మందికి కలిపి రెండు మూడు పూటల పని. దాంతో ఎవరు అక్షరాల దగ్గర ఆగారో, ఎవరు పదాల దగ్గర, ఎవరు వాక్యాల దగ్గర ఆగారో పేర్లతో సహా తేలిపోతుంది. సాధారణంగా ఇక్కడ ఉపాధ్యాయులకే ఆశ్చర్యం కలుగుతుంది. నోట్సు అందంగా రాసే పిల్ల చదవలేకపోవడం, అల్లరివాడని పక్కన పెట్టిన పిల్లవాడు గడగడా చదివేయడం మామూలే. చూసి రాయడం వేరు, చదవడం వేరు.

ఆ జాబితా చేతికి వచ్చాక లక్ష్యం దానంతటదే తేలుతుంది. 'నాణ్యమైన విద్య ద్వారా సర్వతోముఖాభివృద్ధి' అని గోడ మీద రాసుకోవడం లక్ష్యం కాదు. అది ఏ బడికైనా సరిపోతుంది, ఏ బడికీ పనికిరాదు. 'అక్షరాల దగ్గర ఆగిన పదకొండు మంది సంక్రాంతి సెలవులకు వెళ్లేలోగా పదాలు చదవాలి, ఈ ఏడు ఒకటో తరగతిలో చేరిన ఏడుగురూ మూడేళ్ల తరువాత మూడో తరగతి దాటేనాటికి కొత్త కథను తడుముకోకుండా చదివి చెప్పగలగాలి' అన్నది లక్ష్యం. నెరవేరిందో లేదో కన్నతల్లి కూడా కళ్లతో చూసి చెప్పగలిగింది. అప్పుడు రోజూ ఒక గంట తరగతి గోడలు మరచి, స్థాయినిబట్టి పిల్లలను కూర్చోబెట్టి చదివించడానికి కేటాయించాలి. ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో కూర్చోవడానికి సిగ్గుపడతాడు. ఆ సిగ్గును పోగొట్టడం టీచరు నేర్పు మీద ఆధారపడి ఉంటుంది. ప్రథమ్ సంస్థ ఏళ్ల తరబడి దేశంలో పలుచోట్ల ఈ పద్ధతిని నడిపింది. 2019లో నోబెల్ పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలు పరిశోధించి ఫలితాలున్నాయన్న పద్ధతి కూడా ఇదే. సిలబస్ పూర్తి చేయడం లేదంటూ తనిఖీకి వచ్చిన అధికారి కోప్పడతారన్న భయమే దీనికి పెద్ద అడ్డంకి. ఆ భయం పోవాలంటే ఈ గంట సంగతి ప్రణాళికలో రాసి, కమిటీ ఆమోదించి, మండల విద్యాశాఖాధికారి సంతకం చేసి ఉండాలి. కాగితానికి అసలు ఉపయోగం ఇక్కడ ఉంది.

సవర గూడెంలో మరో మెట్టు

సీతంపేట, భామిని కొండల్లోని సవర పిల్లలకు, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు కువి మాట్లాడే పిల్లలకు ఈ ప్రణాళికలో ఇంకో మెట్టు అవసరం. వారికి తెలుగే రెండో భాష. పాఠ్యపుస్తకంలోని ఆంగ్లం మూడోది. ఇంట్లో వినని మాటను బడిలో చదవమంటే అక్షరం వచ్చినా అర్థం రాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చి, ఆ భాషలో వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు నడిపి నూరేళ్లు దాటింది. ఆయన జయంతి నాడు ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాం గాని, ఆయన మొదలుపెట్టిన ఆ పనిని తలచుకొనేవారు అరుదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం సవర, కువి సహా ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తెచ్చింది. మంచి ఆరంభమే. ఆ పుస్తకాలు వాడగల గిరిజన ఉపాధ్యాయుడు బదిలీపై వెళితే పుస్తకాలు బీరువాలో మిగులుతాయి. రాజధానిలో తయారైన నమూనా పత్రంలో ఈ గూడెం బడికి భాష గడియే ఉండదు. మొదటి ఏడు ఎంతకాలం మాతృభాషలో మాట్లాడించాలి, తెలుగు మాటలు ఎప్పుడు మొదలుపెట్టాలి, గూడెంలో ఆ భాష వచ్చి కాస్త చదువుకొన్న యువతి ఎవరైనా రోజూ ఒక గంట రాగలదా అన్నవి ఆ గూడెం కమిటీ మాత్రమే తేల్చగలిగిన విషయాలు.

ఒక్కరే ఉపాధ్యాయుడైతే..

ఇంతవరకు ఇద్దరు టీచర్లున్న బడి మాట. 2024-25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉండగా, 12,912 పాఠశాలలతో ఆంధ్రప్రదేశ్ అన్ని రాష్ట్రాల కంటే ముందుంది. ఐదు తరగతులకు ఒకే టీచరు. ఆయన సెలవు పెడితే బడికి తాళమే. మధ్యాహ్న భోజనం, గుడ్లు, చిక్కీల లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు, హాజరు నమోదు అన్నీ ఆయన ఫోనులోంచే సాగాలి. వేర్వేరు యాప్‌లను ఒక్క లీప్ యాప్ కిందికి తెచ్చే ప్రయత్నం 2025లో జరిగింది. కొండ మీద సిగ్నల్ దొరకని చోట యాప్ ఒకటైనా పదైనా అవస్థ ఒకటే.

ప్రభుత్వం మారినప్పుడల్లా బడి స్వరూపమే మారిపోవడం మరో చిక్కు. 2022 జూన్‌లో జీవో 117 ద్వారా 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపే విధానం వచ్చింది. 2025 మేలో దానిని రద్దు చేసి తొమ్మిది రకాల పాఠశాలల విధానం తెచ్చారు. తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు ఇందులో భాగం. 16,347 పోస్టులతో 2025లో నిర్వహించిన డీఎస్సీ నియామకాలు కొంత ఊరట. ఉద్దేశాలను శంకించనక్కర్లేదు. కానీ మూడేళ్ల ప్రణాళిక వేసుకొన్న బడిలో మూడేళ్లలో రెండుసార్లు తరగతులు తరలివెళ్లి మళ్లీ తిరిగివస్తే ఆ ప్రణాళికకు అర్థమేమిటి? ఏ తరగతులు ఎక్కడుంటాయో కనీసం ఒక ప్రణాళికా కాలం పాటు కదపబోమన్న హామీ ప్రభుత్వం నుంచి రావాలి. కింది స్థాయి నుంచి దూరదృష్టి కోరే ముందు పైవారు ఇవ్వవలసిన కనీస మర్యాద అది.

బదిలీల సంగతీ అంతే. ప్రధానోపాధ్యాయుడు ఒకే చోట గరిష్ఠంగా ఐదేళ్లు, ఉపాధ్యాయుడు ఎనిమిదేళ్లు ఉండవచ్చు. ఊళ్లోవారు మాత్రం ఎక్కడికీ పోరు. ప్రణాళిక సారు బుర్రలో గాక ఊరి చేతిలో ఉండాలనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

తల్లికి తెలియాల్సింది

2024 ఆగస్టు 8న రాష్ట్రవ్యాప్తంగా యాజమాన్య కమిటీల ఎన్నికలు జరిగాయి. తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఎన్నుకొన్నారు. కొన్ని ఊళ్లలో ఇవి పంచాయతీ ఎన్నికలను తలపించాయి. పార్టీల పట్టింపులు, క్యాంపులు, వాగ్వాదాలు చోటు చేసుకొన్నాయి. పదవి కోసం అంత పోటీ పడినవారు పిల్లల చదువు కోసం ఎన్నిసార్లు సమావేశమయ్యారన్నది తీర్మానాల పుస్తకాలు చూస్తే తెలుస్తుంది. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. వాటికీ మొదట అప్పగించింది మరమ్మతుల పనులే కావడం గమనార్హం.

2024 డిసెంబరు 7న మొదలైన మెగా తల్లిదండ్రుల సమావేశాలు కొంత మార్పు తెచ్చాయనడంలో సందేహం లేదు. 2025 డిసెంబరు 5న మూడో సమావేశానికి ముఖ్యమంత్రి ఈ జిల్లాలోని భామినికే వచ్చారు. పిల్లల ప్రగతి పత్రాలు తల్లిదండ్రుల చేతికి ఇచ్చే ఏర్పాటు మంచిదే. ఆ రోజు ముగ్గులు, తోరణాలు, తాడులాగుడు పోటీలు, భోజనాల మధ్య ఒక్కో తల్లికి టీచరుతో మాట్లాడే సమయం ఎంత దొరికిందన్నది వేరే సంగతి. ప్రగతి పత్రంలో 'బి2' అని ఉంటే నిరక్షరాస్యురాలైన తల్లికి ఏమి బోధపడుతుంది? ఆమె ముందే పిల్ల చేత నాలుగు వాక్యాలు చదివిస్తే చాలు. చదవగలిగితే తల్లి ముఖం వెలుగుతుంది. చదవలేకపోతే ఆ తల్లే రేపు కమిటీలో ప్రశ్నిస్తుంది.

అడిగే హక్కు ఆమెకు మరో విధంగానూ ఉంది. 2025 జూన్‌లో 'తల్లికి వందనం' కింద ఒక్కో బిడ్డకు ప్రకటించిన రూ.15 వేలలో రూ.13 వేలు తల్లుల ఖాతాల్లో వేసి, రూ.2 వేలు పాఠశాలల నిర్వహణకు మినహాయించారు. అంతకు ముందు 'అమ్మ ఒడి'లోనూ ఇటువంటి మినహాయింపులు ఉండేవి. తన బిడ్డ పేరిట వచ్చిన సొమ్ములో వాటా బడికి పోతున్నప్పుడు ఆ తల్లి కేవలం సమావేశానికి వచ్చిన అతిథి కాదు.

విజయం అంటే ఏమిటి?

ఉన్నత పాఠశాలల ప్రణాళికలో తేల్చుకోవలసిన మాట ఒకటి మిగిలి ఉంది. నూరు శాతం ఉత్తీర్ణత ఫ్లెక్సీ గేటుకు కట్టిన తరువాత ఆ పిల్లలు ఏమయ్యారో ఏ బడీ లెక్క పెట్టదు. ఇంటర్‌లో చేరినవారెందరు, రెండో ఏడు పూర్తి చేసినవారెందరు, ఐటీఐకి పోయినవారెందరు, మేస్త్రి వెంట వలస పోయినవారెందరు, పదహారేళ్లకే పెళ్లి పీటలెక్కిన ఆడపిల్లలెందరు? చిన్న ఊళ్లో ఈ సమాచారం సేకరించడం ఒక్క పూట పని. ఆ వివరాలు ముందుంచుకొంటే బడి లక్ష్యాలే మారిపోతాయి. ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్ష నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ వరకు ఏటా రూ.12 వేలు వస్తుంది. పదో తరగతి మార్కులతోనే ట్రిపుల్ ఐటీల్లో సీటు, అందులోనూ ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు మార్కులు. ఈ సంగతులు ఒక్క టీచరు చొరవ తీసుకొన్న బడిలో అందరికీ తెలుస్తాయి, పక్క ఊరి బడిలో ఎవరికీ తెలియవు. చొరవగల ఆ టీచరు వెళ్లిపోతే అక్కడా ఆగిపోతుంది. ఏడో తరగతి చివరనే అర్హుల పేర్లు రాసి, ఆదాయ, కుల ధ్రువపత్రాలు తెప్పించే బాధ్యత కమిటీలో ఫలానా సభ్యుడిదని ప్రణాళికలో ఉంటే ఇలా జరగదు.

2024లో ఎన్నికైన కమిటీల రెండేళ్ల కాలపరిమితి లెక్క ప్రకారం 2026 ఆగస్టుతో తీరుతుంది. కొత్తగా ఏర్పడే కమిటీ ఆ ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు నెలాఖరులోగా, తన మూడేళ్ల ప్రణాళిక సిద్ధం చేయాలని 2010 నిబంధనలు చెబుతున్నాయి. ఎన్నికకూ ఆ గడువుకూ నడుమ నాలుగు నెలల వ్యవధి ఉంటుంది. నమూనా పత్రంలో అభ్యసనానికి గడి లేకపోయినా అదనంగా ఒక తెల్ల కాగితం జతచేయడాన్ని ఏ నిబంధనా అడ్డుకోదు. తరగతుల వారీగా పిల్లల పేర్లు, ఇప్పుడు చదవగలిగిన స్థాయి, వచ్చే సంక్రాంతికి చేరవలసిన స్థాయి, బాధ్యత వహించే వారి పేరు ఇంతవరకు రాస్తే చాలు. ఆ కాగితం ప్రతి ఒకటి మండల కార్యాలయానికి, ఒకటి పంచాయతీ కార్యాలయానికి పంపి, మూడోది పిల్లల తల్లులు వచ్చిపోయే అంగన్‌వాడీ గోడకు అంటించవచ్చు. వెనుకబడిన పిల్లల పేర్లు బయట పెట్టి చిన్నబుచ్చడం ఇష్టం లేకపోతే, అక్కడ సంఖ్యలు మాత్రమే ఉంచి పేర్ల జాబితాను టీచరు, కమిటీ దగ్గరే ఉంచుకోవచ్చు.